చెరువు గట్టు మీద పీహెచ్ మీటరుకు ఐసొలేటెడ్ కన్వర్టర్: తక్కువ ఖర్చులో ఎలా ఎంచుకోవాలి

"బకెట్లో పెడితే పీహెచ్ 8.1 చూపిస్తుంది. అదే ప్రోబును చెరువులో దించితే 6 చిల్లరకు పడిపోతుంది. ప్రోబు పోయిందా?" ఇందుకూరుపేట వైపు నుంచి, విడవలూరు నుంచి, కొత్తపట్నం నుంచి నన్ను అడిగేది ఇదే ప్రశ్న. చాలాసార్లు ప్రోబు బాగానే ఉంటుంది. దానికి కరెంటు ఇచ్చే తీరులోనే లోపం ఉంటుంది. దీనికి మందు ఐసొలేటెడ్ డీసీ-డీసీ కన్వర్టర్ అని ఎవరో చెబుతారు, మీరు అంగట్లో ఏదో ఒకటి కొంటారు, నెల తిరక్కుండా అది కాలిపోతుంది. ఆ రెండోసారి కొనే ఖర్చు తప్పించడానికే ఇది రాస్తున్నాను.

సిద్ధాంతం రెండు మాటల్లో ముగిస్తాను. పీహెచ్ ప్రోబులోని రిఫరెన్స్ ఎలక్ట్రోడు నేరుగా నీటిని తాకుతుంది. అదే నీటిలో ఏరియేటరు (నీటిలో గాలి కలిపే యంత్రం) మోటారు చట్రం ఉంది, దానికి ఎర్తు ఉంది. మీ మీటరు నెగటివ్ తీగ ఛార్జరు ద్వారానో, లాప్‌టాప్ ద్వారానో, పక్కనున్న ఇంకో సెన్సరు ద్వారానో భూమికి చేరితే ప్రోబులోంచి చిన్న కరెంటు పారుతుంది. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే 25 డిగ్రీల దగ్గర ప్రోబు ఇచ్చేది సుమారు 59 మిల్లీవోల్టులే. అంత సన్నని సంకేతంలోకి దొంగ కరెంటు చొరబడితే అంకెలు గాడి తప్పక ఏం చేస్తాయి? ఐసొలేటెడ్ కన్వర్టర్‌లో లోపలికి వచ్చే వైపుకు, బయటికి ఇచ్చే వైపుకు మధ్య చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. శక్తి దాటుతుంది, రెండు వైపుల తీగలు మాత్రం ఎక్కడా కలవవు.

కావలసినవి

మల్టీమీటరు (20 మెగాఓముల రేంజి ఉన్నది), 27 ఓముల 2 వాట్ల రెసిస్టరు ఒకటి, 220 ఓముల పావు వాటు రెసిస్టరు ఒకటి, 1 ఆంపియరు ఫ్యూజు హోల్డరుతో సహా, 1ఎన్5819 డయోడు, 4.7, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు, పీహెచ్ 4, 7 బఫర్ ద్రావణాలు (పీహెచ్ ముందే తెలిసినవి), ఒక ప్లాస్టిక్ బకెట్టు. కన్వర్టర్ మాడ్యూలు ఏదో తర్వాత తేలుతుంది. అప్పటిదాకా కొనకండి.

1. అసలు అవసరమో కాదో తేల్చుకోండి

ప్రోబును ముందు బఫర్లలో సరిచూడండి. తర్వాత చెరువు నీళ్లు ప్లాస్టిక్ బకెట్లో పట్టి, పొడి చెక్క మీద పెట్టి, మీటరు తీగలేవీ మార్చకుండా కొలవండి. వెంటనే చెరువులో కొలవండి. రెండింటికీ తేడా లేకపోతే మీకు ఐసొలేషన్ అక్కర్లేదు. డబ్బు దాచుకోండి.

తేడా ఉంటే ఒక ఏరియేటరును రెండు నిమిషాలు ఆపి చూడండి. ఆపగానే అంకె ఒక్కసారిగా మారితే సంగతి తేలినట్టే. ఈ పరీక్షను ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం పూట చేయండి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది, అప్పుడు ఏరియేటరుతో ఆటలొద్దు.

హెచ్చరిక: మోటారు నుంచి నీటిలోకి కరెంటు లీకవుతోందని అనుమానం వస్తే ముందు మోటారును, ఎర్తును, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీని (లీకేజి కనిపెట్టి కరెంటు ఆపే స్విచ్చును) బాగు చేయించండి. ఇక్కడ చెప్పే మాడ్యూలు అంకెలను కాపాడుతుంది, మనుషులను కాపాడదు. పెట్టె మీద 1500 వోల్టుల ఐసొలేషన్ అని రాసి ఉన్నా సరే. అది ఫ్యాక్టరీలో ఒక నిమిషం పాటు చేసే పరీక్ష, ఇంటి కరెంటుకు కంచె కాదు.

2. బ్యాటరీ అసలు వోల్టేజి రాసుకోండి

ఎక్కువ మాడ్యూళ్లు చచ్చేది ఇక్కడే, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను.

"12 వోల్టుల బ్యాటరీ, కాబట్టి 12 వోల్టుల మాడ్యూలు" అని నేనూ ఒకప్పుడు బీ1205ఎస్ రకం తెచ్చాను. 12 లోపలికి, 5 బయటికి. రెండు రోజులు బాగా పనిచేసింది. మూడో రోజు ఎండ బాగా కాసింది, మీటరు బోర్డు పోయింది. తప్పు మాడ్యూలుది కాదు. ఆ రకం లోపలి వోల్టేజిలో పది శాతం అటూ ఇటూ మాత్రమే ఓర్చుకుంటుంది, అంటే 10.8 నుంచి 13.2 దాకా. పైగా దానిలో రెగ్యులేషన్ లేదు. లోపల ఎంత పెరిగితే బయట అదే నిష్పత్తిలో పెరుగుతుంది. సోలార్ ఛార్జింగులో బ్యాటరీ 14.4 వోల్టులకు చేరినప్పుడు బయటికి 5 బదులు 6 వస్తుంది. 5.5 దాటితే చాలా చిప్పులు తట్టుకోలేవు.

కాబట్టి పేరు మీది అంకెను పక్కన పెట్టి ఈ అంకెలు చూడండి:

12 వోల్టుల లెడ్ యాసిడ్ లేదా ఎస్ఎంఎఫ్: దిగితే 10.5, ఛార్జింగులో 14.4.
నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్: 10 నుంచి 14.6.
మూడు సెల్లుల లిథియం అయాన్: 9 నుంచి 12.6.
24 వోల్టుల లెడ్ యాసిడ్: 21 నుంచి 28.8.

ఇంకో ఉచ్చు ఉంది. బ్యాటరీ టెర్మినల్ ఉప్పుగాలికి తుప్పుపట్టి వదులైందనుకోండి. 36 సెల్లుల సోలార్ ప్యానెల్ ఖాళీగా ఉన్నప్పుడు ఇచ్చే 21, 22 వోల్టులు చవక కంట్రోలరును దాటి తిన్నగా మీ మాడ్యూలు మీద పడవచ్చు. 9 నుంచి 18 వోల్టుల మాడ్యూలు కూడా దానికి ఆగదు. సోలార్ ఉన్నచోట కనీసం 28 వోల్టులు తట్టుకునే ఇన్‌పుట్ ఉండాలని నా లెక్క.

3. లోడు లెక్క వేయండి

మీ మీటరు బోర్డు 5 వోల్టుల దగ్గర ఎంత తీసుకుంటుందో మల్టీమీటరుతో కొలవండి. ఉదాహరణకు 60 మిల్లీఆంపియర్లు అనుకుందాం. అంటే 0.3 వాటు.

ఇక్కడ మన అలవాటు "ఎందుకైనా మంచిది, పెద్దది తెద్దాం" అనడం. మోటారుకు అది చెల్లుతుందేమో, దీనికి చెల్లదు. 1 వాటు మాడ్యూలు 0.3 వాటు దగ్గర సుమారు 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే బ్యాటరీ నుంచి 36 మిల్లీఆంపియర్లు లాగుతుంది, రోజుకు 0.86 ఆంపియర్ అవర్లు. 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగమే వాడదాం (లెడ్ యాసిడ్‌ను అంతకంటే దించితే త్వరగా పోతుంది). నాలుగు రోజులు వస్తుంది. అదే 3 వాట్ల మాడ్యూలు అంత తేలిక లోడు మీద 50 శాతానికి పడిపోతే మూడు రోజులు కూడా నిండవు. నవంబరులో వాయుగుండం పట్టి సూర్యుడు మొహం చాటేసినప్పుడు ఆ ఒక్క రోజు తేడా విలువ తెలుస్తుంది.

మీ లోడు మాడ్యూలు సామర్థ్యంలో 30 నుంచి 80 శాతం మధ్య పడేలా చూసుకోండి. 10 శాతం కంటే తక్కువ పడితే రెగ్యులేషన్ లేని రకాల్లో వోల్టేజి పైకి ఎగబాకుతుంది. అప్పుడు 220 ఓముల రెసిస్టరును అవుట్‌పుట్‌కు అడ్డంగా వేయాలి, ఆ శక్తి ఊరికే పోతుంది.

4. మూడు దారుల్లో ఒకటి పట్టండి

మొదటి దారి, నేను ఎక్కువగా వాడేది: ముందు ఒక మామూలు బక్ (వోల్టేజి తగ్గించే) మాడ్యూలు, దాని వెనక బీ0505ఎస్ 1 వాటు మాడ్యూలు. బక్ మాడ్యూలు బ్యాటరీ ఊగిసలాటను మింగేసి స్థిరంగా 5 వోల్టులు ఇస్తుంది. లోపలికి వచ్చేది స్థిరంగా ఉంటే బీ0505ఎస్‌కు రెగ్యులేషన్ లేకపోవడం పెద్ద లోపం కాదు. రెండూ కలిపి ఒక మంచి భోజనం, టీ ఖర్చు. బక్ కోసం ఎంపీ1584 చిప్పు ఉన్నది తీసుకుంటే ఖాళీగా ఉన్నప్పుడు చాలా తక్కువ తాగుతుంది, 28 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. ఎల్ఎం2596 అయితే 40 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది గానీ, ఊరికే ఉండటానికే కొన్ని మిల్లీఆంపియర్లు తింటుంది.

జాగ్రత్త: ఈ బక్ బోర్డుల మీద చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పి 5.0 వోల్టులకు సరిచేసిన తర్వాతే వెనక మాడ్యూలు కలపండి. సరిచేశాక స్క్రూ మీద కాస్త గోళ్ల రంగు వేయండి, కదలకుండా ఉంటుంది.

రెండో దారి: 9 నుంచి 36 వోల్టుల దాకా తీసుకునే, రెగ్యులేషన్ ఉన్న ఐసొలేటెడ్ మాడ్యూలు ఒక్కటే. మార్న్‌సన్‌లో యూఆర్‌బీ వరుస ఇలాంటిదే. రీకామ్, ట్రాకో, మీన్‌వెల్ కూడా ఈ కోవవి చేస్తాయి. ఖర్చు మొదటి దారికి కొన్ని రెట్లు. కానీ అతుకులు తక్కువ, సర్దుబాటు స్క్రూ లేదు, చాలావాటిలో బయటి నుంచి ఆపడానికి ఒక పిన్ను కూడా ఉంటుంది. మనిషి వారానికోసారి కూడా వెళ్లని చెరువుకు ఇదే పెట్టండి.

మూడో దారి చాలామందికి తట్టదు: సెన్సరుకు విడిగా ఒక 18650 లిథియం అయాన్ సెల్లు ఇచ్చేయండి. తీగలే లేని చోట ఐసొలేషన్ ప్రశ్నే రాదు. మీటరు రోజుకు నాలుగుసార్లు మేలుకొని కొలిచేదైతే ఇది అన్నింటికంటే చవక. సెల్లును చెరువు దగ్గర ఛార్జి చేయకుండా ఇంటికి తెచ్చి ఛార్జి చేసుకోవాలి, అంతే.

పడవల మీద జీపీఎస్ పెట్టుకునేవాళ్లు కూడా అడుగుతుంటారు. ఇంజను స్టార్టు చేసేటప్పుడు బ్యాటరీ బాగా దిగజారుతుంది, కాబట్టి 9 వోల్టుల దగ్గర ఆగిపోయే మాడ్యూలు కంటే ఇంకా కిందికి పనిచేసేది వెతకాలి. ఇక స్ప్రేయరుకు, ఎల్ఈడీ దీపానికి, ఫోను ఛార్జింగుకు ఐసొలేషన్ దండగ.

5. పేరు చదవడం నేర్చుకోండి

బీ0505ఎస్-1డబ్ల్యూ అంటే: బీ, లోపలి వోల్టేజి స్థిరంగా ఉండాల్సిన రెగ్యులేషన్ లేని రకం, మొదటి 05 లోపలికి, రెండో 05 బయటికి, ఎస్, ఒకే వరుసలో పిన్నులు, 1డబ్ల్యూ, ఒక వాటు. ముందు ఏ ఉంటే ప్లస్, మైనస్ రెండూ ఇచ్చే రకం. ఐబీ అని ఉంటే అవుట్‌పుట్‌లో రెగ్యులేషన్ ఉంది, అయినా లోపలి వోల్టేజి ఇరుకుగానే ఉండాలి. "రెగ్యులేటెడ్" అనే మాట చూసి బ్యాటరీకి నేరుగా కలిపేవాళ్లు తడబడేది ఇక్కడే.

ఆన్‌లైన్ అమ్మకాల్లో "ఐసొలేటెడ్" అని శీర్షికలో పెట్టి ఎక్స్‌ఎల్6009, ఎల్ఎం2596 బోర్డులు పంపడం కద్దు. వాటిలో రెండు వైపుల నెగటివ్ ఒకటే. ఫొటోలో రెండు నెగటివ్‌లు ఒకే రాగి పట్టీ మీద కనిపిస్తే వదిలేయండి. చేత్తో చూసి కొనాలంటే నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ఒకే రకం మూడు తెచ్చుకోండి: పరీక్షకు ఒకటి, పెట్టడానికి ఒకటి, నిల్వకు ఒకటి.

6. బల్ల మీద పరీక్షించండి

చెరువు గట్టుకు తీసుకెళ్లే ముందు ఈ అరగంట ఖర్చుపెట్టండి.

ముందు కరెంటు ఇవ్వకుండా 20 మెగాఓముల రేంజిలో ఇన్‌పుట్ రెండు పిన్నులకూ అవుట్‌పుట్ రెండు పిన్నులకూ మధ్య, నాలుగు జతలూ కొలవండి. అన్నింటిలో ఓఎల్ (రేంజి దాటింది, అంటే కలయిక లేదు) రావాలి. బీప్ మోగలేదు కాబట్టి సరే అనుకోకండి. బీప్ కొన్ని పదుల ఓముల లోపే మోగుతుంది, లీకేజి దానికి వినపడదు. మీ ఊళ్లో మోటారు వైండింగు షాపు ఉంటే అక్కడ మెగ్గరు (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉంటుంది. ఇన్‌పుట్ పిన్నులు రెండూ ఒకటిగా, అవుట్‌పుట్ పిన్నులు రెండూ ఒకటిగా కలిపి, 500 వోల్టుల రేంజిలో చూపించుకోండి. మంచి మాడ్యూలు 1000 మెగాఓముల పైన చూపిస్తుంది. పిన్నులు కలపకుండా మెగ్గరు పెడితే మంచి మాడ్యూలు కూడా పోవచ్చు.

తర్వాత పిన్నుల వరుస. ఒకే పేరుతో వేర్వేరు కంపెనీల మాడ్యూళ్లలో మొదటి పిన్ను ప్లస్ కావచ్చు, మైనస్ కావచ్చు. డేటాషీటు చూడండి. తిరగేసి ఇస్తే క్షమించదు.

ఇప్పుడు ఇన్‌పుట్‌కు అడ్డంగా 4.7, అవుట్‌పుట్‌కు అడ్డంగా 10 మైక్రోఫారడ్లు వేసి, స్థిరమైన 5 వోల్టులు (బీ0505ఎస్ అయితే) ఇవ్వండి. 220 ఓముల రెసిస్టరుతో ఒకసారి, 27 ఓములతో ఒకసారి అవుట్‌పుట్ కొలవండి. మొదటిది తేలిక లోడు, రెండోది దాదాపు నిండు లోడు. రెండింటిలోనూ మీ మీటరు బోర్డు ఓర్చుకునే హద్దులో ఉండాలి. 27 ఓములతో 4.9 వోల్టులు వచ్చి, లోపలికి 5 వోల్టుల దగ్గర 240 మిల్లీఆంపియర్లు పోతున్నాయంటే 0.89 వాటు బయటికి, 1.2 వాట్లు లోపలికి, అంటే 74 శాతం. 60 కంటే తక్కువ వస్తే ఆ సరుకు అనుమానించదగ్గదే. అరగంట నడిపి వేలు పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే, వేలు ఆనించలేనంత వేడి అయితే కాదు.

అవుట్‌పుట్ షార్టు చేసి పరీక్షించకండి. పాత రకాలు షార్టును ఒక సెకను మాత్రమే ఓర్చుకుంటాయి.

అంకెలు ఊగుతున్నాయని అవుట్‌పుట్‌లో 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు వేయడం ఇంకో అలవాటు. అంత బరువు మీద పడితే చిన్న మాడ్యూలు లేవనే లేవదు. డేటాషీటులో గరిష్ఠ కెపాసిటివ్ లోడు అని ఒక అంకె ఉంటుంది, దాన్ని దాటకండి. బదులుగా 10 మైక్రోహెన్రీల కాయిల్ వేసి, దాని తర్వాత ఇంకో 10 మైక్రోఫారడ్లు పెట్టండి. అవుట్‌పుట్ వోల్టేజిలోని ఈ సన్నని అలలను మామూలు మల్టీమీటరు ఏసీ రేంజి సరిగా చూడలేదు. బఫర్‌లో ఉంచినప్పుడు పీహెచ్ అంకె కుదురుగా నిలబడుతోందా అనేదే మన పరీక్ష.

7. పెట్టెలో అమర్చండి

బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు, దాని తర్వాత 1ఎన్5819 డయోడు. తీగలు తిరగబడినా మాడ్యూలు బతుకుతుంది. 12 వోల్టుల బ్యాటరీతో రెండో దారి పట్టినవాళ్లు ఎస్ఎంఏజే24ఏ రకం టీవీఎస్ డయోడు కూడా వేయండి, పిడుగులతో పాటు వచ్చే చిన్న వోల్టేజి పోట్లను అది మింగుతుంది. నేరుగా పడే పిడుగుకు ఏదీ ఆగదు.

ఉప్పుగాలి సంగతి. నాలుగు పిన్నుల సిప్ (పిన్నులన్నీ ఒకే వరుసలో ఉండే) మాడ్యూలులో ఇన్‌పుట్ పిన్నుకూ అవుట్‌పుట్ పిన్నుకూ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే. ఆ సందులో ఉప్పు తేమ పేరుకుంటే మీరు డబ్బు పెట్టి కొన్న ఐసొలేషన్‌ను అది ఉచితంగా కలిపేస్తుంది. టంకం తర్వాత స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, రెండు పూతలు ఇన్సులేటింగ్ వార్నిష్ వేయండి. తీగల రంధ్రాలు పెట్టె అడుగున ఉండాలి, పైన కాదు.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మూసిన పెట్టె ఎండలో ఉంటే లోపలి వేడి బయటి కంటే చాలా ఎక్కువ. తెల్ల పెట్టె, పైన ఒక రేకు నీడ, మధ్యలో గాలి సందు. ఇంత చాలు.

8. దొడ్డిదారి మూయండి

కరెంటును వేరు చేసి డేటా తీగను వదిలేస్తే చేసిన పనంతా వృథా. ఆ తీగలోని గ్రౌండు ద్వారా రెండు వైపులూ మళ్లీ కలిసిపోతాయి. సీరియల్ తీగలకు ఏడీయూఎం1201 ఐసొలేటర్ చిప్పు, ఐ2సీ అయితే ఏడీయూఎం1250, ఆర్ఎస్-485 అయితే లోపలే ఐసొలేటెడ్ సప్లై ఉన్న ఏడీఎం2587ఈ వాడవచ్చు. బ్లూటూత్‌తో సమాచారం పంపే మీటరుకు ఈ బెడద లేదు.

మిగతా దొడ్డిదారులు: ఇనుప పెట్టెకు రెండు వైపుల గ్రౌండునూ బిగించిన స్క్రూలు, రెండు చివరలా కలిపిన కేబుల్ షీల్డు, ఛార్జరులో ఉండగా మీటరుకు తగిలించిన లాప్‌టాప్. ఒకే చెరువులో పీహెచ్, ఉప్పుశాతం ప్రోబులు రెండూ ఉంటే దేనికి దానికి విడి మాడ్యూలు కావాలి. ఒక్క మాడ్యూలు నుంచి రెండింటికీ ఇస్తే అవి ఒకదానితో ఒకటి గొడవ పడతాయి.

అంతా బిగించాక ఆరో మెట్టులోని నాలుగు జతల కొలత మళ్లీ చేయండి, ఈసారి పెట్టె బయటి తీగల దగ్గర. ప్రోబు నీటి బయట ఉండాలి, బ్యాటరీ, సోలార్ తీసేసి ఉండాలి. బల్ల మీద ఓఎల్ చూపించి పెట్టెలో చూపించకపోతే దొడ్డిదారి ఇంకా తెరిచే ఉంది.

9. చెరువులో సరిచూడండి

మొదటి మెట్టులోని బకెట్టు పరీక్ష మళ్లీ చేయండి. బకెట్టుకూ చెరువుకూ తేడా 0.1 లోపు ఉంటే మంచి పని చేసినట్టు. తర్వాత ఏరియేటరు ఆన్, ఆఫ్ చేస్తూ అంకెను గమనించండి.

ఒక రోజంతా గంటగంటకూ రాసుకోండి. చెరువు పీహెచ్ తెల్లవారుజామున తగ్గి, మధ్యాహ్నానికి పెరగడం సహజం. నాచు ఊపిరి తీరు అది. మెల్లగా ఎక్కి మెల్లగా దిగే ఆ మార్పును చూసి మాడ్యూలును తిట్టకండి. మోటారు స్టార్టరు నొక్కిన క్షణంలో మెట్టులా దూకే మార్పే మన శత్రువు. అది కనిపిస్తే ఎనిమిదో మెట్టుకు వెనక్కి వెళ్లండి, పదింట తొమ్మిదిసార్లు కేబుల్ షీల్డే దొరుకుతుంది.

నిల్వకు తెచ్చిన మూడో మాడ్యూలును కూడా ఇదే బల్ల మీద పరీక్షించి, పిన్నుల వరుస కాగితం మీద రాసి, రెండూ కలిపి పెట్టె మూత లోపల టేపుతో అంటించండి. మొదటిది పోయేది ఎప్పుడూ రాత్రి పూటే, అదీ మీరు ఊళ్లో లేనప్పుడు.